మేపుల్ కుకీలో మెంతి వాసన, ఒప్పందంలో లేని చెట్టు



ఈ మధ్య మన గ్రూపులో ఇంట్లో కుకీలు చేసేవాళ్లు పెరిగారు. ఓవెన్ లేనివాళ్లు కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి చేస్తున్నారు, బాగానే వస్తున్నాయి. అందులో "మేపుల్ ఫ్లేవర్" అని సీసాలో దొరికే ఎసెన్స్ వాడినవాళ్లు కూడా ఉన్నారు. ఆ మేపుల్ అంటే ఏంటి, అది ఎవరిది అనే ప్రశ్న వచ్చింది కాబట్టి, మాకు తెలిసినంతలో కాస్త పెద్దగానే రాస్తున్నాం. మూడు వంతులు చరిత్రే ఉంటుంది. వంట కోసం వచ్చినవాళ్లు నిరాశపడకుండా ముందు వంట చెప్పేస్తాం.

మెత్తటి మేపుల్ కుకీలకు 115 గ్రాముల వెన్న, 100 గ్రాముల బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు, 60 మిల్లీలీటర్ల మేపుల్ సిరప్, 210 గ్రాముల మైదా, అర టీస్పూను బేకింగ్ సోడా, చిటికెడు ఉప్పు. వెన్న, చక్కెర బాగా గిలకొట్టి గుడ్డు, సిరప్ కలపాలి. తర్వాత మైదా, సోడా, ఉప్పు. మైదా వేశాక ఎక్కువ పిసికితే సాగి గట్టిపడుతుంది, పొడి కనబడకుండా కలిస్తే చాలు. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, నిమ్మకాయంత ఉండలు చేసి, ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర పది పదకొండు నిమిషాలు. కుక్కర్ అయితే పది నిమిషాలు ముందే వేడి చేసి, సన్నమంట మీద పదిహేను ఇరవై నిమిషాలు. అంచులు కుదిరి నడుమ ఇంకా పచ్చిగా ఉన్నట్టు కనిపించినప్పుడే దించెయ్యాలి, మిగతా ఉడుకు ఆ ప్లేటు వేడికే అయిపోతుంది. నడుమ కూడా గట్టిపడేదాకా ఆగితే అవి కుకీలు కావు, బిస్కెట్లు. సిరప్, బ్రౌన్ షుగర్ రెండూ తేమను పట్టి ఉంచుతాయి కాబట్టి రెండో రోజుకి కూడా మెత్తగానే ఉంటాయి.

అసలు మేపుల్ సిరప్ మన దగ్గర పెద్ద ఊళ్ల సూపర్ మార్కెట్లలో తప్ప దొరకదు, దొరికినా ధర చూస్తే చెయ్యి వెనక్కి వస్తుంది. అందుకే ఎసెన్స్. ఆ ఎసెన్స్ సీసా మూత తీసి వాసన చూసినవాళ్లకి ఎక్కడో తెలిసిన వాసనలా అనిపించి ఉండాలి. అది మెంతుల వాసన. నిజంగానే. మెంతుల్లో సోటొలోన్ అనే పదార్థం ఉంటుంది, మేపుల్ సిరప్ వాసనలో కూడా అదే పదార్థానికి పాత్ర ఉంది. నకిలీ మేపుల్ ఎసెన్సుల్లో మెంతి సారం వాడడం మామూలు. 2005 చివర్లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ఒక రాత్రి వీధులన్నీ మేపుల్ సిరప్ వాసన కొట్టాయి. జనం భయపడి ఫోన్లు చేశారు. తర్వాతి ఏళ్లలో కూడా అప్పుడప్పుడు వచ్చేది. చివరికి 2009లో తేలిందేంటంటే, నది అవతల న్యూజెర్సీలో సువాసన ద్రవ్యాలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో మెంతులు ప్రాసెస్ చేసినప్పుడల్లా గాలికి ఆ వాసన వచ్చేదట! మన పోపుల డబ్బాలోది అక్కడ మేపుల్ అయిపోయింది. ఎసెన్స్ లేకపోతే ఒక టీస్పూను మెంతులు దోరగా వేయించి, కరిగిన వేడి వెన్నలో అరగంట ఉంచి, వడగట్టి, ఆ వెన్న చల్లారాక వాడి చూడండి. వేపు ఎక్కువైతే చేదు.

ఇప్పుడు చెట్టు సంగతి.

అమెరికా ఈశాన్య భాగం, కెనడా తూర్పు భాగం, మహా సరస్సుల చుట్టూ ఉన్న అడవుల్లో షుగర్ మేపుల్ చెట్టు పెరుగుతుంది. చలికాలం వెళ్లి ఎండలు మొదలయ్యే రోజుల్లో, అంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, రాత్రి మంచు గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో మాత్రమే ఆ చెట్టు కాండం నుంచి నీరు కారుతుంది. చూడడానికి మామూలు నీళ్లలాగే ఉంటుంది, నాలుక మీద పెడితే కొంచెం తీపి. ఎందుకంటే అందులో చక్కెర నూటికి రెండు పాళ్లే. 40 లీటర్లు కాచితే ఒక లీటరు సిరప్ మిగులుతుంది. ఒక చెట్టుకి ఒక గాటు పెడితే సీజనంతా కలిపి వచ్చేది కూడా సుమారు ఆ 40 లీటర్లే. పైన చెప్పిన కుకీల్లో 60 మిల్లీలీటర్లు వేశాం కదా, అంటే రెండు లీటర్ల నాలుగు వందల మిల్లీలీటర్ల చెట్టు నీరు ఆ ఒక్క వాయికే పోయినట్టు. చెట్టు గాటు తట్టుకునేంత లావు కావడానికి దగ్గర దగ్గర 40 ఏళ్లు పడుతుంది. మన తాటిచెట్టు, జీలుగు చెట్టు గీసేవాళ్లకి ఈ లెక్కలో ఉన్న ఓపిక వెంటనే అర్థమవుతుంది.

ఆ నీటిని కాచి పాకం చెయ్యడం, చక్కెర చెయ్యడం కనిపెట్టింది ఆ అడవుల్లో ఉండే ఆదివాసులు. అనిషినాబే వాళ్లు (వాళ్లలో ఒజిబ్వేలు ఎక్కువ మందికి తెలుసు), హోడెనోషోనీ వాళ్లు, మిక్‌మాక్ వాళ్లు, ఇంకా చాలామంది. 1600ల మొదట్లో ఇప్పటి కెనడా తూర్పు తీరానికి వచ్చిన మార్క్ లెస్కార్బో అనే ఫ్రెంచి లాయరు, అక్కడివాళ్లు చెట్ల నుంచి నీరు తీసి తాగుతారని తన పుస్తకంలో రాశాడు. ఇనుప కడాయిలు రాకముందు వీళ్లకి చక్కెర దాకా కాచడం వచ్చా రాదా అని తెల్ల పండితులు చాలాకాలం వాదించుకున్నారు. ఈ వాదన మాకు కొంచెం చిరాకు తెప్పిస్తుంది. కాల్చిన రాళ్లు తొట్టిలో వేసి నీరు మరిగించడం వాళ్లకి తెలుసు. రాత్రంతా బయట పెడితే పైన కట్టిన మంచుగడ్డ తీసి పారేస్తే కింద తీపి చిక్కబడుతుందని కూడా తెలుసు. మన తాతలకి ఫలానాది రాదు అని ఎవరైనా పుస్తకంలో రాస్తే, రాసినవాడు ఏ నెలలో ఊరికి వచ్చాడో కూడా అడగాలి.

ఒజిబ్వే భాషలో ఆ మేపుల్ తోటని ఇస్కిగమిజిగన్ అంటారు, కాచే చోటు అని అర్థం. చక్కెర కాచే నెల పేరు కూడా ఆ మాటకి దగ్గరిదే, ఆ నెల చంద్రుడే చక్కెర కాచే చంద్రుడు. చక్కెరని జీన్‌జిబాక్వద్ అంటారు. ఫ్రాన్సిస్ డెన్స్‌మోర్ అనే ఆవిడ ఒజిబ్వేల మొక్కల వాడకం గురించి 1928లో అచ్చయిన పుస్తకంలో ఈ పని అంతా వివరంగా రాశారు. చలికాలపు వేట గుడారాల నుంచి కుటుంబాలు సామాను కట్టుకుని మేపుల్ తోటకి నడిచి వెళ్లేవి. ఏ తోట ఎవరిదో అందరికీ తెలుసు, ఏటా వచ్చే కుటుంబం అదే తోటకి వస్తుంది. కాచే పని ఎక్కువగా ఆడవాళ్ల చేతిలో ఉండేది, పాకం ఎప్పుడు దించాలో చెప్పే మాట కూడా వాళ్లదే. చెట్టుకి ఏటవాలుగా గాటు పెట్టి, చెక్కతో చేసిన చిన్న గొట్టం కొట్టి, దాని కింద బిర్చ్ చెట్టు బెరడుతో మడిచి కుట్టిన డొప్ప పెట్టేవారు. మనం మోదుగాకు డొప్ప కుట్టినట్టే అనుకోండి, కాకపోతే అది బెరడు, ఏళ్ల తరబడి ఉంటుంది. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు ఆ డొప్పలన్నీ తోటలోనే ఒక పాకలో దొంతులుగా పెట్టి వెళ్లేవారు, మళ్లీ ఏడు దాకా ఎవరూ ముట్టరు.

రాత్రీ పగలూ మంట ఆరకూడదు. పాకం చిక్కబడ్డాక కొంత తీసి మంచు మీద పోస్తే సాగే మిఠాయి అవుతుంది, అది పిల్లలకి. కొంత చెక్క అచ్చుల్లో పోసి గట్టి అచ్చుచక్కెర చేస్తారు. ఎక్కువ భాగం మాత్రం చెక్క తొట్టిలో పోసి తెడ్డుతో తిప్పి తిప్పి ఇసుకలాంటి చక్కెర చేస్తారు, ఎందుకంటే తడి లేకపోతేనే ఏడాది నిలవుంటుంది. ఆ చక్కెరని మకక్ అనే బెరడు పెట్టెల్లో నింపి కుట్టేస్తారు. అది వాళ్లకి ఉప్పు లాంటిది. అడవి బియ్యంలో, పళ్లలో, చేపలో, మాంసంలో అన్నిట్లో వేసేవారు. ఎండాకాలం నీళ్లలో కలుపుకుని తాగేవారు, చేదు మందులు పిల్లలకి ఇందులో కలిపి పట్టేవారు. సీజన్‌లో మొదటి చక్కెర ఎవరూ నోట్లో వేసుకోకూడదు, ముందు మనిదూకి, అంటే వాళ్ల దైవశక్తికి పెట్టాలి. ఇక్కడ మనవాళ్లు కొత్తల పండుగ కాకుండా కొత్తది తినరు కదా.

వాళ్లు చెప్పుకునే ఒక కథ ఉంది, చాలా రూపాల్లో వినిపిస్తుంది. మొదట్లో మేపుల్ చెట్టు నుంచి నీరు కాదు, నేరుగా చిక్కటి పాకమే కారేదట. నానబోజో అనే వాళ్ల వీరుడు ఒకరోజు ఊరికి వచ్చి చూస్తే పొయ్యిలో నిప్పు లేదు, వలల్లో చేప లేదు, ఊళ్లో మనిషి లేడు. అందరూ చెట్ల కింద వెల్లకిలా పడుకుని నోళ్లు తెరుచుకుని ఉన్నారు. ఆయన బుట్టలతో నీళ్లు తెచ్చి చెట్ల మీద నుంచి పోసి పాకాన్ని పలచన చేసేశాడు, ఏడాదిలో కొన్ని రోజులే కారేలా కూడా చేశాడు. సోమరితనం గురించి కథ అని తెల్లవాళ్ల స్కూలు పుస్తకాల్లో చెప్తారు. మాకైతే అందులో ఇంకోటి కూడా వినబడుతుంది. ఏడాదంతా కారితే చెట్టు బతకదు, తీసుకునేదానికి ఒక హద్దు ఉంది అని.

కుకీ అనే మాట డచ్చి వాళ్లది. అమెరికాలో 1796లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంట పుస్తకంలో ఆ మాట కనిపిస్తుంది. అప్పటికి బేకింగ్ సోడా లేదు. పిండి పొంగడానికి ఆమె వేసింది పెర్లాష్, అంటే కట్టెల బూడిద నీటిని కాచి, శుద్ధి చేసి తీసిన తెల్లటి క్షారం. ఆ బూడిద ఎక్కడిది? కొత్తగా వచ్చిన వలసవాళ్లు పొలాల కోసం అడవి కొట్టేసి, మేపుల్, ఎల్మ్, బీచ్ లాంటి గట్టి చెట్లని కుప్పలేసి తగలబెట్టారు, ఆ బూడిద అమ్ముకుంటే మొదటి ఏడాది చేతికి డబ్బు వచ్చేది. ఇదెంత పెద్ద వ్యాపారమంటే, అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు, 1790 జూలై 31న, శామ్యూల్ హాప్కిన్స్ అనే ఆయనకి, ఈ బూడిద క్షారం తీసే కొత్త పద్ధతి మీదే. సంతకం జార్జ్ వాషింగ్టన్‌ది. అంటే ఆ మొదటి కుకీలు మెత్తగా పొంగింది కాలిపోయిన అడవి బూడిదతో. సోడా డబ్బా చూసినప్పుడు ఈ సంగతి ఎవరికి గుర్తొస్తుంది!

అదే వాషింగ్టన్ 1779లో, స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, సల్లివన్ అనే జనరల్‌ని హోడెనోషోనీ వాళ్ల మీదికి పంపాడు. నలభైకి పైగా ఊళ్లు తగలబెట్టారు, మొక్కజొన్న నిల్వలు కాల్చారు, పండ్ల తోటలు నరికారు. ఆ భూములే తర్వాత వలసవాళ్ల చేతికొచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి అదే ప్రాంతపు మేపుల్ చక్కెర ఒక "మంచి పని" అయింది. చెరకు చక్కెర కరీబియన్ దీవుల్లో బానిసల చెమటతో వస్తుంది కాబట్టి దాన్ని మానేసి మేపుల్ చక్కెర తినండి అని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ అనే డాక్టరు 1791లో థామస్ జెఫర్సన్‌కి పెద్ద లేఖ రాశాడు. జెఫర్సన్‌కి నచ్చి, తన ఎస్టేట్‌లో మేపుల్ మొక్కలు నాటించాడు, అవి సరిగ్గా బతకలేదు. బానిసత్వాన్ని వ్యతిరేకించడం గొప్ప విషయమే, మేము కాదనడం లేదు. కానీ ఆ చక్కెర తినమన్నవాళ్లు, ఆ చెట్లు ఎవరివి అని మాత్రం అడగలేదు. పైగా జెఫర్సన్ నాటించిన మొక్కల గుంతలు తవ్విన ఎస్టేట్‌లో పనిచేసేది కూడా బానిసలే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వస్తున్నాం. 1837 జూలై. ఇప్పటి మిన్నెసోటాలో, ఫోర్ట్ స్నెల్లింగ్ దగ్గర సెయింట్ పీటర్స్ అనే చోట, ఒజిబ్వే పెద్దలు వెయ్యిమందికి పైగా జనంతో వచ్చి కూర్చున్నారు. ఎదురుగా విస్కాన్సిన్ టెరిటరీ గవర్నరు హెన్రీ డాడ్జ్. ప్రభుత్వానికి కావల్సింది పైన్ కలప, తెల్ల పైన్ చెట్లు దండిగా ఉన్న పెద్ద ప్రాంతం. మాటలన్నీ దుబాసీల ద్వారా నడిచాయి, ఇంగ్లీషులో ఒకరు రాసుకున్నారు, ఆ రాతలు ఇవ్వాళ కూడా ఉన్నాయి. మ-ఘె-గ-బో అనే పెద్ద లేచి మాట్లాడాడు. భూమి ఇస్తాం, కానీ మాకు బతుకునిచ్చే చెట్టుని, మేము నీళ్లు తాగే వాగుల్ని మా దగ్గరే ఉంచుకుంటాం అన్నాడు. మాట్లాడుతూ ఒక ఆకుకొమ్మ కూడా బల్ల మీద పెట్టాడు. రాసుకున్న గుమస్తాకి ఆ మాట సరిగ్గా అర్థం కాలేదు. ఆ చెట్టు మాటలో మేపుల్ లాంటి ఆకురాల్చే చెట్లు ఉన్నాయని, మీకు పైన్ ఇస్తాం, ఇవి మాత్రం మావి అన్నారని చాలామంది చదువుతారు. మాకూ ఆ అర్థమే సరైనదనిపిస్తుంది. పైన్ చెట్టు నుంచి వాళ్లకి తిండి రాదు.

జూలై 29న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఐదో నిబంధనలో ఇలా ఉంది: ఇచ్చేసిన భూముల్లో, నదుల్లో, సరస్సుల్లో వేటాడే, చేపలు పట్టే, అడవి బియ్యం ఏరుకునే వీలు వాళ్లకి ఉంటుంది, అది కూడా అమెరికా అధ్యక్షుడి ఇష్టం ఉన్నంత కాలం. వేట ఉంది, చేప ఉంది, బియ్యం ఉంది. చెట్టు లేదు. సభలో అందరి ముందు నోటితో చెప్పి, కొమ్మ చూపించి మరీ అడిగిన చెట్టు కాగితం మీదకి ఎక్కలేదు.

"అధ్యక్షుడి ఇష్టం ఉన్నంత కాలం" అనే ముక్క పదమూడేళ్లకే పేలింది. 1850 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జాకరీ టేలర్ ఆ హక్కులు రద్దు, అందరూ వెళ్లిపోవాలి అని ఆర్డరిచ్చాడు. వాళ్లని కదిలించడానికి ఏటా ఇవ్వాల్సిన డబ్బు, సరుకులు వాళ్ల ఊళ్లకి దూరంగా శాండీ లేక్ అనే చోట ఇస్తామని పిలిచారు. ఆ శరదృతువులో వేలమంది వెళ్లారు. సరుకులు రాలేదు. పాడైన తిండి, రోగాలు, తర్వాత మంచు. అక్కడా తిరుగు దారిలోనూ కలిపి 400 మంది దాకా చనిపోయారు. అయినా వాళ్లు అడవి వదిలి వెళ్లలేదు.

తర్వాతి వందేళ్లు త్వరగా చెప్పేస్తాం, ఎందుకంటే మనకి తెలిసిన కథే. 1887 చట్టంతో ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పట్టాలిచ్చారు, మిగిలింది బయటివాళ్లకి అమ్మేశారు. మిన్నెసోటాలో దానికి తోడు 1889లో ఇంకో చట్టం. కలప కంపెనీలు వచ్చాయి. పిల్లల్ని దూరంగా బోర్డింగ్ స్కూళ్లకి పంపారు, అక్కడ సొంత భాష మాట్లాడితే శిక్ష. చక్కెర కాచే నెల వచ్చేసరికి పిల్లలు తోటలో లేరు, హాస్టల్లో ఉన్నారు. పాకం ఎప్పుడు దించాలో చూపు చూసి నేర్చుకోవాలి, పుస్తకంలో రాదు. హాస్టల్లో చదివినవాళ్లం మనమే చాలామందిమి, ఇప్ప పువ్వు రాలే మార్చి నెలలో మనం ఎక్కడ ఉండేవాళ్లమో, పరీక్షల్లో, గుర్తు చేసుకోండి.

మరోపక్క మేపుల్ రుచి మాత్రం దేశమంతా అమ్ముడుపోయింది. 1887లో, అంటే ఆ భూముల చట్టం వచ్చిన ఏడే, అదే మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో ప్యాట్రిక్ టౌల్ అనే కిరాణా వ్యాపారి మేపుల్‌లో చెరకు చక్కెర పాకం కలిపి తక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టాడు. పేరు లాగ్ క్యాబిన్. డబ్బా కూడా వలసవాళ్ల దుంగల ఇల్లు ఆకారంలోనే చేశారు. బెరడు డొప్ప ఆకారంలో ఎవరు చేస్తారు? పోను పోను ఆ సిరప్‌లో మేపుల్ తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది, పేరు మిగిలింది. 1965లో కెనడా జెండా మీదకి మేపుల్ ఆకు ఎక్కింది. ఇవ్వాళ ప్రపంచపు మేపుల్ సిరప్‌లో 70 శాతం దాకా ఒక్క క్విబెక్ రాష్ట్రానిదే. అక్కడి ఉత్పత్తిదారుల సంఘం పెట్రోలు నిల్వ చేసినట్టు సిరప్‌ని పీపాల్లో నిల్వ చేస్తుంది. 2011, 2012లలో అందులోంచి దాదాపు 3,000 టన్నులు దొంగలు ఎత్తుకెళ్తే ప్రపంచమంతా వార్త అయింది. పెద్ద దొంగతనం అన్నారు. చెట్లు పోయినప్పుడు ఆ మాట ఎవరూ వాడలేదు.

కాగితం మీద లేని చెట్టు ఏమైంది? 1983లో విస్కాన్సిన్ ఒజిబ్వేల కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు పాత ఒప్పందాల హక్కులు ఇంకా బతికే ఉన్నాయని తీర్పిచ్చింది. చేపలు పట్టడానికి వెళ్లిన ఒజిబ్వేల మీద సరస్సుల గట్ల దగ్గర తెల్లవాళ్లు రాళ్లు విసిరారు, బూతులు తిట్టారు, కొన్నేళ్లు నడిచింది ఇది. తర్వాత మిల్ లాక్స్ ఒజిబ్వేలు 1990లో వేసిన కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1999లో ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఒక్క ఓటు తేడాతో 1850 ఆర్డరు చెల్లదని, 1837 హక్కులు ఉన్నాయని తేలింది. తీర్పు రాసిన జస్టిస్ శాండ్రా డే ఓ కానర్, ఒప్పందం కాగితంలోని ఇంగ్లీషు మాటలు మాత్రమే చూడకూడదు, ఆ రోజు ఆదివాసులు ఏం అర్థం చేసుకున్నారో చూడాలి అనే సూత్రాన్ని పట్టుకుని రాశారు. అందుకోసం ఆ 1837 సభలో రాసుకున్న నోట్సు బయటికి తీశారు. మ-ఘె-గ-బో చెట్టు గురించి అన్న మాట ఆ తీర్పులో కనిపిస్తుంది. 162 ఏళ్ల తర్వాత.

ఈ కథ చదువుతుంటే మాకు రంప గుర్తొచ్చింది. 1879లో చోడవరం దగ్గర మొదలైన తిరుగుబాటుకి కారణాల్లో ముందు వరసలో ఉన్నది చెట్టు నీరే. ఇంటి అవసరానికి కల్లు గీసుకునే పాత అలవాటు మీద అబ్కారీ ఆంక్షలు, దాన్ని కంట్రాక్టర్లకి పాడుకివ్వడం, పైన మున్సబుదారు వేసిన చిగురుపన్ను. కారం తమ్మన్నదొర నాయకత్వంలో జనం లేచారు. వాళ్లు ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు, కాబట్టి తర్వాత కోర్టులో తీయడానికి నోట్సు కూడా లేవు. ఉన్నవి పోలీసు రిపోర్టులు.

2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు మనదని స్పష్టంగా ఉంది. కానీ అందులోని నిర్వచనం ఒకసారి తీసి చదవండి. వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, మందు మొక్కలు, దుంపలు అని పేర్లు వరసగా వస్తాయి. ఇప్ప పువ్వు పేరు లేదు. జీలుగు నీరు పేరు లేదు. చివర "మరియు అలాంటివి" అని ఒక ముక్క ఉంది, మన ఇప్ప ఆ ముక్కలో ఉంది. చట్టప్రకారం అది వస్తుంది, సందేహం లేదు, మొక్కల నుంచి వచ్చే కలప కాని ఉత్పత్తులన్నీ అని మొదట్లోనే రాశారు. కానీ ఊళ్లో సామూహిక హక్కుల క్లెయిము ఫారం బి నింపేటప్పుడు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల గడిలో చాలాచోట్ల "తునికాకు, వెదురు, వగైరా" అని రాసి వదిలేస్తున్నారు. నింపేది ఎక్కువగా మనలాంటి చదువుకున్న పిల్లలే. గ్రామసభలో అవ్వలు, తాతలు చెప్పే పేర్లన్నీ, మన భాషలో ఏ పేరు ఉంటే ఆ పేరుతో, ఏ నెలలో ఎక్కడ ఏరుతారో కూడా కలిపి రాయాలి. గడి చాలకపోతే విడి కాగితం జత చెయ్యొచ్చు. గ్రామసభ మినిట్స్‌లో కూడా అదే మాట ఎక్కించాలి. "వగైరా" అని రాసిన ఫారాలు మీ ఊరివి ఉంటే గ్రూపులో పెట్టండి, అందరం కలిసి చూద్దాం.

మిన్నెసోటా వైట్ ఎర్త్ రిజర్వేషన్‌లో వినోనా లడ్యూక్ అనే ఒజిబ్వే ఆవిడ 1989లో పోయిన భూములు తిరిగి కొనే సంస్థ ఒకటి మొదలుపెట్టారు. మేపుల్ తోటలు కూడా కొన్నారు, అక్కడి సిరప్‌ని, అడవి బియ్యాన్ని సొంత పేరుతో అమ్మారు. 1998లో మహా సరస్సుల ప్రాంతపు ఒజిబ్వే తెగలకీ అమెరికా అటవీ శాఖకీ కుదిరిన ఒప్పందంతో, హక్కులున్న జాతీయ అడవుల్లో మేపుల్ నీరు తీసుకోవడానికి వాళ్ల సొంత తెగ ఇచ్చే పర్మిట్ చాలు. అందులో మేపుల్ పేరు రాసి ఉంది.

ఇక కుకీల సంగతి. మన దగ్గర మేపుల్ లేదు, ఇప్ప ఉంది. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇప్ప లడ్డూలు చేసి అమ్ముతున్న సంగతి మీకు తెలుసు. ఎండిన ఇప్ప పువ్వుని శుభ్రంగా ఏరి, లోపలి కేసరాలు తీసి, కడిగి, కొద్ది నీళ్లలో ఉడికించి పిండితే చిక్కటి తీపి రసం వస్తుంది. దాన్ని సన్నమంట మీద తేనెలా అయ్యేదాకా మరిగించి, పైన చెప్పిన కొలతలో 60 మిల్లీలీటర్ల సిరప్ బదులు పోయండి, బ్రౌన్ షుగర్ బదులు బెల్లం తురుము. ఇప్ప వాసన మేపుల్ కంటే ఘాటు, మొదటిసారి సగమే వేసి చూడండి. మెంతులు అక్కర్లేదు.